పాత ట్రాక్టరు, చిన్న బోల్టు

దుక్కి దినములలో ట్రాక్టరు నిలిచిపోవుటకు ఇంజనే చెడనక్కరలేదు. ఒక బోల్టు విరిగినను, ఒక నట్టు జారి చాలులో పడినను చాలును. అదను దాటిన పిమ్మట ఎంత దున్నినను ఫలము స్వల్పము. ఇరుసునకు కడసీల లేని బండిని మన పెద్దలు ఇల్లు కదలనిచ్చెడివారు కారు. ఆ జాగ్రత్త ట్రాక్టరునకును చెల్లును.

"కంపెనీయే లేనప్పుడు సామాను ఎక్కడ దొరకును?" అని పాత బండ్లు గల సభ్యులు అడుగుచుందురు. జెటర్ వారి సహకారముతో 1971లో ట్రాక్టర్ల తయారీ నారంభించిన హెచ్.ఎం.టి. వారి ఆ విభాగమును మూసివేయుటకు కేంద్ర ప్రభుత్వము 2016లో నిర్ణయించినది. గేరు చక్రముల వంటి వానికి ఇది నిజముగా చిక్కే. కాని బోల్టులు, నట్లు, వాషర్లు, పిన్నులు చాలవరకు ఏ ఒక్క కంపెనీ సొత్తును గావు. అవి అందరికిని ఒకటియైన కొలతల ప్రకారము తయారగును. కొలత తెలిసినచో వస్తువు దొరకును. తెలియనిచో దుకాణము నిండ సరకున్నను మనకు నిరుపయోగమే.

మన దేశమున మెట్రిక్ కొలతల చట్టము 1956లో వచ్చినను, ఇంగ్లండు, అమెరికా నమూనాల ననుసరించిన పాత ట్రాక్టర్లలో అంగుళపు మరలు నేటికిని గలవు. జెటర్ నమూనాలలో మిల్లీమీటరు మరలు గలవు. 5/16 అంగుళపు బోల్టు మందము 7.94 మిల్లీమీటర్లు. దానిని 8 మిల్లీమీటర్ల బోల్టు ప్రక్కనుంచినచో కంటికి భేదము తోచదు. కాని మొదటిదానికి అంగుళమునకు 18 గాని 24 గాని చుట్లుండగా, రెండవదానికి సాధారణముగా రమారమి 20 చుట్లుండును. ఒకదాని నట్టు రెండవదానికి ఒకటి రెండు చుట్లు ఎక్కి బిగిసిపోవును. అంతట పానాతో బలవంతము చేసినచో మర చెడును. చెడినది బోల్టు మరయైన నష్టము కొద్ది రూపాయలే. ఇంజను దిమ్మెలోని మరయైనచో లేతు పనికి దినములును ధనమును వ్యయమగును.

ఇంతకన్న ఘోరము మరియొకటి గలదు. పిన్ను దొరకలేదని మేకు దూర్చుట, గట్టి బోల్టుకు మారుగా మెత్తని యినుప బోల్టు వేయుట మన యూళ్లలో కద్దు. మిల్లీమీటరు బోల్టు తలపై 8.8, 10.9 అను అంకెలును, అమెరికా కొలతల అంగుళపు బోల్టు తలపై మూడు గాని ఆరు గాని గీతలును దాని బలమును దెలుపును. చక్రములకు, స్టీరింగునకు, ట్రక్కు తగిలించు చోటునకు ఏ గుర్తును లేని బోల్టు వేయరాదు. ఆ ట్రక్కులో మన ధాన్యమే కాదు, కూలి జనమును ప్రయాణము చేయుదురు.

కావున సభ్యులకు మా మనవి. విరిగిన ముక్కను పారవేయకుడు. దాని నట్టుతో గూడ దుకాణమునకు గొనిపొండు. మందము, చుట్లు, పొడవు, తలపై గుర్తు అను నాలుగింటిని ఒక కాగితముపై వ్రాసి భద్రపరచుకొనుడు.

సంఘములు చేయవలసినదియు గలదు. ఒక వెర్నియరు, అంగుళమునకును మిల్లీమీటరునకును చెరియొక త్రెడ్డు గేజి, సభ్యుల ట్రాక్టర్లకు తరచుగా కావలసిన బోల్టులు, పిన్నులు గల యొక పెట్టె ఎరువుల గోదాములో నుంచుట భారము కాదు. సొమ్ము సరకులో నిలిచిపోవునని కొందరందురు. నూనె పూసిన బోల్టు పురుగు పట్టునది కాదు, గడువు దాటునది కాదు. ఏ యే కొలతలు ఎన్ని కావలెనో సభ్యుల కాగితములే చెప్పును. ఇరుగుపొరుగు సంఘములు కలిసి కొన్నచో వెల తగ్గును.

తొలకరికి ముందు విత్తనములు, ఎరువులు సమకూర్చుకొనునట్లే ఈ పెట్టెను గూడ సిద్ధపరచుకొనవలెను. రాబోవు సంఘ సమావేశమున సభ్యులు ఈ విషయమును ప్రస్తావింతురు గాక.