బాయిలో చూసినట్టే బండినీ చూడాలి

ఫస్ట్ షిఫ్టు వేళకు మంచిర్యాల–చెన్నూరు రోడ్డు మీద ఇందారం నుంచి జైపూర్ దాకా బండ్లే బండ్లు. కొందరు బాయి (బొగ్గు గని) డ్యూటీకి, మరికొందరు పెగడపల్లి దగ్గర 2016లో మొదలైన 1200 మెగావాట్ల సింగరేణి థర్మల్ కేంద్రానికి. వాళ్ల పక్కనుంచే బొగ్గు లారీలు, బూడిద లారీలు పోతుంటాయి.

శిక్షణ ఇవ్వకుండా ఎవరినీ గని పనిలో పెట్టకూడదని 1966 నాటి గనుల వృత్తి శిక్షణ నియమాలు చెబుతున్నాయి. షిఫ్టు మొదలుకాకముందే మైనింగ్ సర్దార్ పైకప్పు చూస్తాడు, గ్యాస్ చూస్తాడు. ఓపెన్‌కాస్టులో బ్రేకులు చూసుకోందే డంపర్ కదలకూడదు. ఇంత పద్ధతిలో పనిచేసే మనిషి డ్యూటీ దిగాక, చైను వేలాడుతున్న మోటార్‌సైకిల్‌కు కిక్కు కొట్టి ఇంటిదారి పడతాడు. నాకు ఇది చాలా బాధగా ఉంటుంది. బాయిలో అంత జాగ్రత్తగా కాపాడుకున్న ప్రాణమే కదా రోడ్డెక్కేది!

మన ప్రాంతంలో మొదట నేర్చుకోవాల్సింది ఎయిర్ ఫిల్టర్ గురించి. బొగ్గు కాలాక మిగిలే బూడిదలో ఎక్కువ భాగం సిలికా, అల్యూమినా. రెండూ గట్టి పదార్థాలే. ఫిల్టర్ చిరిగినా, సరిగ్గా కూర్చోకపోయినా ఆ పొడి నేరుగా ఇంజన్‌లోకి పోయి బోరునూ రింగులనూ అరగదీస్తుంది. ఆ తర్వాత ఇంజన్ ఆయిల్ తాగుతుంది, సైలెన్సర్ పొగ కక్కుతుంది. ఇంజన్ విప్పి బోరు పని చేయించాలంటే వేలల్లో ఖర్చు. ఫిల్టర్ మార్చడానికి అందులో చిన్న భాగం చాలు. ఇన్ని కిలోమీటర్లకు మార్చాలని బండితో ఇచ్చే పుస్తకంలో ఉంటుంది. దుమ్ము ప్రాంతాల్లో ఇంకా ముందే మార్చాలని కూడా ఉంటుంది. మనకు వర్తించేది ఆ రెండో మాటే. స్పాంజి ఫిల్టర్ అయితే కడిగి, ఆరబెట్టి, నూనె పట్టించి బిగించవచ్చు. నూనె పట్టించిన కాగితం ఫిల్టర్‌ను మాత్రం కడగకూడదు, గాలి కొట్టకూడదు, మార్చాల్సిందే. ఈ ఒక్క తేడా తెలియక ఎన్ని ఇంజన్లు పాడవుతున్నాయో!

చైను సంగతీ అంతే. దాని మీది నూనెకు దుమ్ము అంటుకుంటే సానరాయి పెట్టినట్టు స్ప్రాకెట్ పళ్లు అరిగిపోతాయి. పైపైన మళ్లీ నూనె పోస్తే లాభం లేదు. ముందు కిరోసిన్‌తో బ్రష్ పెట్టి తోమాలి, తుడవాలి, ఆ తర్వాతే గేర్ ఆయిల్ రాయాలి. బండిని సెంటర్ స్టాండు మీద నిలిపి, చక్రాన్ని చేత్తో తిప్పుతూ చేయాల్సిన పని ఇది. ఇంజన్ ఆన్‌లో పెట్టి గేరులో చైను తిప్పితే వేళ్లు తెగుతాయి. ఈ మాట పిల్లలకు గట్టిగా చెప్పాలి.

టైరు గాలి, ఇంజన్ ఆయిల్ మట్టం, వెనక లైటు చూడటానికి నిమిషాలు చాలు. నైట్ షిఫ్టుకు పోయేవాళ్లకు ఆ లైటే రక్ష. డిస్క్ బ్రేకు ఆయిల్, ఏబీఎస్ జోలికి మాత్రం ఇంట్లో పోవద్దు, షెడ్డుకు తీసుకెళ్లండి. మనకు నాలుగు విషయాలు తెలిసినంత మాత్రాన మెకానిక్ పొట్ట కొట్టినట్టు కాదు. ఎక్కడ ఏ చప్పుడు వస్తోందో సరిగ్గా చెప్పగలిగితే అతని పని తేలికవుతుంది, మనకు అనవసరంగా పార్టులు మార్చే బాధ తప్పుతుంది.

సింగరేణి వృత్తి శిక్షణ కేంద్రాల్లో ఈ బండి పాఠానికి ఒక పూట కేటాయించాలి. ఒక పాత బండి, ఒక పానాల సెట్టు, నేర్పడానికి ఒక మంచి మెకానిక్ ఉంటే సరిపోతుంది. ఆ మెకానిక్‌కు కూలీ ఇవ్వాలి, ఊరికే పిలవకూడదు. కార్మికుల కుటుంబాలకూ అందులో చోటుండాలి, ముఖ్యంగా స్కూటీల మీద కాలేజీలకు, ఉద్యోగాలకు పోయే ఆడపిల్లలకు. వాళ్ల బండికి చైను ఉండదు, లోపల బెల్టు ఉంటుంది. ఫిల్టర్, టైర్లు, బ్రేకుల పాఠం మాత్రం అదే. గుర్తింపు కార్మిక సంఘం నాయకులు యాజమాన్యంతో కూర్చున్నప్పుడు ఈ కోరికనూ బల్ల మీద పెట్టాలని అడుగుతున్నాను.