చలాకీలో టక్కరితనం లేదు

కామారెడ్డి జిల్లా నస్రుల్లాబాద్ పేరులో అరబ్బీ ‘నస్రుల్లా’, ఫారసీ ‘ఆబాద్’ పక్కపక్కనే కనిపిస్తాయి కాబట్టి ఆ మాటల పుట్టిల్లు ఎవరూ అడగరు. ‘చలాకీ’కి మాత్రం ఆ గుర్తు దాదాపు చెరిగిపోయింది. నిజాంసాగర్ కాలువ కింద నాట్లప్పుడు ఎడమచేత నారుకట్ట పట్టుకొని, కుడిచేత్తో టకటకా మొక్కలు గుచ్చుతూ వెనక్కి జరిగే ఆవిడను ‘భలే చలాకీ మనిషి’ అంటే మెచ్చుకోలే. హిందీలో అంటే గొడవే, అక్కడ ‘చాలాకీ’ ఎక్కువగా జిత్తులమారితనం. మరి మనమే అర్థం తప్పుగా పట్టుకున్నామా? నేనొప్పుకోను. ఫారసీ ‘చాలాక్’ అంటే చురుకైనవాడు, ఒడుపు గలవాడు అనే. చేతి వేగం బుద్ధి వేగంగా, ఆపైన టక్కరితనంగా మారింది తర్వాతి దారిలో. మనం ఆ దారిన పోలేదు, అంతే. సంస్కృత ‘చల’ నుంచే పుట్టిందనే వాదం వినసొంపుగా ఉంటుంది గానీ, చివరి దీర్ఘం దగ్గర తేలిపోతుంది: దోస్త్‌కు దోస్తీ, ఖుష్‌కు ఖుషీ ఎలాగో, చాలాక్‌కు చాలాకీ అలాగే. మొదటి దీర్ఘాన్ని మనం కుదించుకున్నాం. అక్కడ గుణానికి పేరైన దాన్ని ‘చలాకీ పిల్ల’ అంటూ విశేషణంగానూ తిప్పుకున్నాం (అప్పు తెచ్చిన మాటతో ఇంత చనువు మనకు అలవాటే). సొంతమాట ‘చురుకు’ ఉండగా ఇదెందుకంటారేమో. చురుకులో కాక ఉంది: ఎండ చురుక్కుమంటుంది, మాట చురుక్కుమంటుంది, కోపమొస్తే చురక వేస్తాం. చలాకీని మందలింపుకు వాడమన్నా వాడలేం.