మంచు పోయినా ఉప్పు పోదు

శీతాకాలంలో రహదారులపై పేరుకునే మంచును వదిలించేందుకు అమెరికా, కెనడా దశాబ్దాలుగా ఉప్పునే నమ్ముకున్నాయి. నీరు గడ్డకట్టే ఉష్ణోగ్రతను ఉప్పు తగ్గిస్తుంది. మంచు కరిగి టైర్లకు పట్టు దొరుకుతుంది, ప్రమాదాలు తగ్గుతాయి. ఆ ప్రయోజనాన్ని ఎవరూ కాదనలేరు. కరిగిన మంచుతో పాటు ఆ ఉప్పు ఎక్కడికి చేరుతోందన్నదే అసలు ప్రశ్న.

ఉప్పులోని క్లోరైడ్ కాలక్రమంలో విచ్ఛిన్నమయ్యేది కాదు. వాగులు, సరస్సులు, భూగర్భ జలాల్లో ఏటా కొంత చొప్పున పోగుపడుతుంది. మినియాపొలిస్, సెయింట్ పాల్ జంటనగరాల్లో చల్లిన ఉప్పులో సుమారు 70 శాతం స్థానిక పరీవాహక ప్రాంతంలోనే నిలిచిపోతోందని మినెసోటా విశ్వవిద్యాలయ పరిశోధకులు 2009లో తేల్చారు. ఒక్క చెంచాడు ఉప్పు సుమారు 19 లీటర్ల నీటిని కలుషితం చేస్తుందని ఆ రాష్ట్ర కాలుష్య నియంత్రణ సంస్థ హెచ్చరిస్తోంది. రహదారి ఉప్పు పర్యావరణానికి హానికరమని కెనడా 2001లోనే నిర్ధారించింది. అయినా నిషేధించలేదు. వాడకాన్ని క్రమబద్ధం చేసేందుకు 2004లో మార్గదర్శకాలు తెచ్చింది.

ఇసుకతోనూ చిక్కులున్నాయి. అది మంచును కరిగించదు, చక్రాలకు పట్టునిస్తుందంతే. మంచు పోయాక ఊడ్చి ఎత్తకపోతే మురుగుకాల్వలను పూడుస్తుంది, ధూళిగా గాలిలో కలుస్తుంది, చేపలు గుడ్లు పెట్టే వాగుల అడుగున మేట వేస్తుంది.

కాబట్టి ఉప్పా, ఇసుకా అన్నది కాదు, ఎంత వాడుతున్నామన్నదే ముఖ్యం. రోడ్డు ఉష్ణోగ్రత సుమారు మైనస్ 9 డిగ్రీల కన్నా పడిపోతే సాధారణ ఉప్పు అంతగా పనిచేయదు. అప్పుడు ఎంత చల్లినా వృథాయే. ముందు మంచును పారలతో, యంత్రాలతో తొలగించడం, పొడి ఉప్పుకు బదులు మంచు కురవకముందే ఉప్పు ద్రావణం పిచికారీ చేయడం, చల్లే యంత్రాలను సరిచూసుకోవడం ద్వారా భద్రత తగ్గకుండానే వాడకాన్ని తగ్గించవచ్చు.

ఈ అనుభవం భారత్‌కూ అక్కరకొచ్చేదే. 2020లో అటల్ సొరంగం, 2025లో సోనమార్గ్ సొరంగం ప్రారంభమయ్యాక హిమాలయాల్లో మంచుకాలపు రాకపోకలకు దారి సుగమమైంది. అక్కడి కొండ ఊళ్లలో అనేకం తాగునీటికి ఊటలపైనే ఆధారపడ్డాయి. మన ప్రమాణాల ప్రకారం తాగునీటిలో క్లోరైడ్ లీటరుకు 250 మిల్లీగ్రాములు మించకపోవడం మేలు. రోడ్డుపై చల్లే ఉప్పు లెక్కనూ, దిగువ ఊటల్లోని క్లోరైడ్ లెక్కనూ ఇప్పటినుంచే నమోదు చేయాలి. నీరు ఉప్పనయ్యాక దాన్ని తిరిగి మంచినీటిగా మార్చే చౌకైన మార్గమేదీ లేదు.