దొంగ రీఫిల్లింగ్‌ను అరికట్టండి



చేవెళ్ల, మొయినాబాద్ రోడ్డు మీద గ్యాస్ ఆటోలను నిషేధించాలన్న పాఠకుడి లేఖతో నేను ఏకీభవించను. ఎల్పీజీతో బండి నడపడానికి మన చట్టం 2000లోనే అనుమతించింది. పెట్రోలు కన్నా పొగ తక్కువ, ఖర్చూ తక్కువ. అసలు ముప్పు 14.2 కిలోల వంటింటి సిలిండర్‌తోనే. ఆమోదం పొందిన ఆటో ట్యాంకులో 80 శాతం నిండగానే వాల్వు మూసుకుంటుంది. ఎండకు గ్యాస్ వ్యాకోచించడానికి ఆ ఖాళీ ఉండి తీరాలి. వంట సిలిండర్‌నే డిక్కీలో బిగించుకుంటే ఆ రక్షణ ఎక్కడిది? పైగా ఈ గ్యాస్ గాలికన్నా బరువు. మూసిన షెడ్డులో సిలిండర్ నుంచి బండిలోకి ఎక్కిస్తుంటే లీకైనదంతా నేలబారుగా పరుచుకుంటుంది, ఒక్క నిప్పురవ్వ చాలు. అధికారులు అలాంటి షెడ్లను మూయించాలి, ఐదేళ్లకోసారి జరగాల్సిన ట్యాంకు పరీక్ష జరిగిందో లేదో చూడాలి. ఆటోవాళ్ల పొట్ట మాత్రం కొట్టవద్దని మనవి.

– ఒక పాఠకుడు, మొయినాబాద్