తల్లిచెట్టు ఊసెత్తని దరఖాస్తులు

కడియపులంకలో మా నర్సరీ కాగితాల పని నాది. మామయ్యగారూ మా ఆయనా అంట్లు కడతారు, మొక్కలు చూసుకుంటారు. లైసెన్సు, బిల్లులు, బ్యాంకు, తనిఖీకి వచ్చినవాళ్లకు చూపించాల్సిన ఫైళ్లు నేను చూస్తాను. పెళ్లయి ఈ ఊరొచ్చిన దగ్గర్నుంచీ ఇదే నా కొలువు. అందుకే ఈ నాలుగు మాటలు రాయడానికి నాకు అధికారం ఉందనుకుంటున్నాను.

మా ఫైళ్లలో భూమి కాగితాలున్నాయి, కౌలు కాగితాలున్నాయి, ఆధార్ నకళ్లు కట్టలకొద్దీ ఉన్నాయి. బోరు ముందు నిలబడి తీయించుకున్న ఫొటోలున్నాయి. అవే వివరాలు లైసెన్సుకోసారి, రుణానికోసారి, రాయితీకోసారి, ఆన్‌లైన్లో ఎక్కించమంటే ఒకసారి, ఎక్కించింది ప్రింటు తీసి ఇమ్మంటే ఇంకోసారి ఇచ్చాం. లేనిదల్లా ఒకటే. మేం అమ్మే బత్తాయి అంటు ఏ చెట్టు మొగ్గతో కట్టారో, నిమ్మ మొక్క ఏ చెట్టు కాయ గింజతో మొలిచిందో చెప్పే కాగితం. దాన్ని మమ్మల్ని గట్టిగా అడిగినవాళ్లు ఇంతవరకూ లేరు.

పూలమొక్కలకైతే ఇది పెద్ద విషయం కాదు. మందారం వేరే రంగు పూస్తే కొన్నవాళ్లు రెండు రోజులు బాధపడతారు, అంతే. బత్తాయి అలా కాదు. బత్తాయి అంటంటే నిజానికి రెండు మొక్కలు. కింద వేరు రంగపూర్ నిమ్మదో, జంబేరిదో. పైన సాత్గుడి రకం బత్తాయి మొగ్గ. ఆ మొగ్గ తీసిన చెట్టులో ట్రిస్టెజా వైరసో, గ్రీనింగ్ తెగులో ఉంటే అది అంటుతోపాటు రైతు పొలానికి పోతుంది. మా దగ్గర కవరులో ఉన్నన్నాళ్లూ ఆకు పచ్చగా, నిగనిగలాడుతూనే ఉంటుంది. మామయ్యగారు నలభై ఏళ్లుగా ఈ పనిలో ఉన్నారు, ఆయన కూడా చూసి చెప్పలేరు. నాటిన నాలుగైదేళ్లకు, కాపు మీద ఆశ పెట్టుకున్న సమయంలో కొమ్మలు ఎండటం మొదలైతే అప్పుడు తెలుస్తుంది. అప్పటికి ఎకరానికి నూటపది దాకా చెట్లు, వాటికి పోసిన నీళ్లు, ఎరువులు, తెచ్చిన అప్పు అన్నీ నేలలో ఉంటాయి.

గుత్తి వైపు నుంచి ఒక పెద్దాయన బత్తాయి మొక్కలకు వచ్చారు. అంతకుముందు వేరేచోట కొన్న మొక్కలతో వేసిన తోట పోయిందట. "ఏం తల్లీ, ఈ చెట్టు అమ్మ ఎవరో నీకు తెలుసా?" అని అడిగారు. మేం సొంతంగా కట్టిన అంట్లయితే చెప్పగలిగాను. పక్క నర్సరీల నుంచి తెప్పించినవాటికి చెప్పలేకపోయాను. లైసెన్సు గోడకు తగిలించే ఉంది. ఆ కాగితం చూసి ఆయనకు ధైర్యం రాలేదు, రావడానికి అందులో ఏమీ లేదు కూడా.

నిమ్మ సంగతి ఇంకో రకం. నిమ్మ గింజ నాటితే ఒకే గింజలోంచి రెండు మూడు మొలకలు రావడం మేం రోజూ చూసేదే. వాటిలో ఎక్కువవి అచ్చంగా తల్లి గుణంతోనే వస్తాయి. పైగా ట్రిస్టెజా వైరస్ గింజ ద్వారా రాదు. కాబట్టి నిమ్మకు కాయ ఏ చెట్టుదన్నదే ప్రాణం. తిరుపతి నిమ్మజాతి పరిశోధన స్థానం గజ్జి తెగులును తట్టుకుంటుందని 'బాలాజీ' రకాన్ని ఇచ్చింది. ఇవాళ ఆ పేరు చీటీ మీద రాయడం ఎవరికైనా అరక్షణం పని. ఆ గింజ నిజంగా ఆ రకానిదేనని రుజువు చూపించగలవాళ్లు ఎందరు?

చట్టం లేక కాదు. పండ్ల మొక్కల నర్సరీలకు పంజాబ్ 1961లోనే చట్టం చేసుకుంది. వేరు మొక్క ఎక్కడిది, పైకొమ్మ ఎక్కడిది అన్నది నర్సరీవాళ్లు రాసిపెట్టాలని అందులోనే ఉంది. మహారాష్ట్ర 1969లో చేసుకుంది. మన ఉమ్మడి రాష్ట్రంలో ఉద్యాన నర్సరీల రిజిస్ట్రేషన్ చట్టం 2010లో వచ్చింది. ఆ చట్టం రావాల్సిందేనని నా నమ్మకం. కడియం, కడియపులంక, బుర్రిలంక, వేమగిరి, పొట్టిలంక పొడుగునా హైవే పక్కన బయల్దేరే లోడు ఏ రాష్ట్రం పోతుందో, ఏ రైతు పొలంలో దిగుతుందో ఎవరికీ అంతుపట్టదు. ఇంత వ్యాపారానికి లెక్కాడొక్కా ఉండాలి. నా గొడవల్లా చట్టం ఆశయం ఒకటైతే, ఆచరణలో మా చేత నింపిస్తున్న కాగితాలు ఇంకొకటి కావడం గురించి.

కౌలు సంగతే చూడండి. మా ఊళ్లో చాలామందికి మొక్కలున్న నేల సొంతం కాదు. భూమిగలాయన హైదరాబాదులో ఉంటాడు, లేదా ఆయన పిల్లలు అమెరికాలో ఉంటారు. కౌలు నోటిమాట మీద ఏళ్ల తరబడి నడుస్తుంది. రాతపూర్వకంగా ఇవ్వమంటే రేపు హక్కు అడుగుతారేమోనని వాళ్ల భయం. ఆ కాగితం లేకపోతే దరఖాస్తు ముందుకు కదలదు. అంటు కట్టడంలో ఊరంతా మెచ్చుకునే మనిషి, చేతిలో విద్య ఉన్న మనిషి, లైసెన్సు లేనివాడుగా మిగిలిపోతాడు. అతని మొక్కలు వేరేవాళ్ల బిల్లు మీద బయటికి వెళ్తాయి. మొక్క ఆరోగ్యానికీ, ఆ నేల ఎవరి పాసుపుస్తకంలో ఉందన్నదానికీ సంబంధం ఏమిటో నాకు ఎవరూ వివరించలేదు. కావాలంటే ఆ నేలలో మొక్కలు పెంచుతున్నది ఈయనే అని ఉద్యాన సహాయకుడు వచ్చి చూసి రాసుకుంటే సరిపోతుంది.

ఈ మధ్య అమెరికాలో నిమ్మజాతి తోటల నిబంధనల గురించి చదివాను. అక్కడ 1937 నాటి చట్టం కింద మార్కెటింగ్ ఆర్డర్లని ఉంటాయి. ఫ్లోరిడాలో నారింజ పండ్లను ప్యాక్ చేసి పంపే వ్యాపారులు వాటికి లోబడాలి. ఫారాలు వాళ్లకూ తప్పవు. కానీ జనం మీద కాగితాల భారం తగ్గించడానికి వాళ్లు 1980లో ఒక చట్టం చేసుకున్నారు, 1995లో దాన్ని మళ్లీ గట్టి చేశారు. ప్రభుత్వ శాఖ ఏదైనా కొత్త ఫారం పెట్టాలంటే అది ఎందుకో, ఎంతమంది నింపాలో, ఒక్కొక్కరికి ఎంత సమయం పడుతుందో ముందే లెక్కగట్టి ప్రకటించాలి. అరవై రోజులు జనం మాట వినాలి. తర్వాత పైనున్న బడ్జెట్ కార్యాలయం ఒప్పుకుంటేనే ఫారానికి ఒక నెంబరు వస్తుంది. ఆ అనుమతి మూడేళ్లకు మించి చెల్లదు. చెల్లే నెంబరు లేని ఫారం నింపలేదని ఎవరికీ శిక్ష వేయకూడదు.

చదివి చాలాసేపు దాని గురించే ఆలోచించాను. నా సమయానికి లెక్క కట్టాలని ఒక ప్రభుత్వానికి తట్టడమే నాకు పెద్ద విషయంగా కనిపించింది. మీసేవ దగ్గర సర్వరు లేదంటే వెనక్కి వచ్చిన పూటలు, ఒక నకలు కోసం రాజమండ్రి వెళ్లి తిరిగొచ్చిన పూటలు ఏ ప్రభుత్వ లెక్కలోనూ లేవు. ఆ పూటల్లో మడిలో కలుపు పెరిగింది, కూలి ఇచ్చి తీయించాం.

అదే అమెరికాలో కాగితం తగ్గించినచోట తగ్గించి, పెంచాల్సినచోట పెంచారు కూడా. అంటుకు వాడే మొగ్గకొమ్మల నమోదును ఫ్లోరిడాలో 1953లో ఇష్టమున్నవాళ్ల కోసం మొదలుపెట్టారు, 1997 నుంచి తప్పనిసరి చేశారు. 2005లో గ్రీనింగ్ తెగులు బయటపడ్డాక, 2007 నుంచి నిమ్మజాతి నారును పురుగు దూరని వలల కిందే పెంచాలన్నారు. అయినా తోటల్లో తెగులు ఆగలేదు. దాన్ని మోసే పురుగు చెట్టు నుంచి చెట్టుకు ఎగిరిపోతుంది, దానికి రిజిస్టరుతో పనిలేదు. 2003-04లో 24 కోట్ల పెట్టెల నారింజ పండించిన రాష్ట్రం 2023-24లో 2 కోట్ల పెట్టెలు కూడా దాటలేదు. రాతకోతలతో తెగులు పోతుందని నేననడం లేదు. నర్సరీ నుంచి తెగులు అమ్ముడుపోకుండా ఆపడం వరకూ మన చేతిలో ఉంది, ఆ ఒక్కటీ చేద్దామంటున్నాను. 1930ల తర్వాత అర్జెంటీనా, బ్రెజిల్ దేశాల్లో ట్రిస్టెజాతో లక్షల చెట్లు ఎండిపోయాయి. దూరదేశాల నుంచి తెచ్చిన మొక్కలతోనే ఆ వైరస్ అక్కడ అడుగుపెట్టింది.

తల్లిచెట్టు లెక్క రాసిపెట్టాలంటే మా ఊళ్లోనే కొందరికి నచ్చదు. లోడు ఆర్డరు వచ్చిందంటే ఒక్క నర్సరీలో అన్ని మొక్కలుండవు. పది చోట్ల నుంచి ఏరి లారీ నింపుతారు. అందులో ఏ కవరు ఎవరిదో దిగేటప్పటికి ఎవరూ చెప్పలేరు. తల్లిచెట్టు రిజిస్టరు పెడితే ఈ సర్దుబాటు కుదరదని, చిన్నవాళ్ల దగ్గర కొనడం మానేస్తారని వాళ్ల వాదన. అందులో నిజం లేకపోలేదు. అందుకే అన్ని మొక్కలకూ వద్దు. క్రోటన్లకు, గులాబీలకు, నీడ చెట్లకు ఇప్పుడున్నదాంట్లో సగం తీసేసినా నష్టం లేదు. నిమ్మజాతికి మాత్రం, అంటే రైతు ఇరవై ఏళ్ల బతుకు ముడిపెట్టుకునే మొక్కకు మాత్రం, కవరు మీద ఒక నెంబరు ఉండాలి. పది చోట్ల నుంచి ఏరినా ఆ నెంబరు కవరుతోపాటే వస్తుంది. చిన్న నర్సరీ మొక్కలు పెద్ద నర్సరీ బిల్లు మీద వెళ్లినా చిన్నవాడి పనితనం ఆ నెంబరుతో బతుకుతుంది.

అయితే ఆ నెంబరు వేయడానికి ముందు ప్రభుత్వం తన వంతు చేయాలి. తెగులు లేదని పరీక్ష చేసిన తల్లిచెట్ల నుంచి మొగ్గకొమ్మలు మాకు దొరకాలి. నాగపూర్‌లోని కేంద్ర నిమ్మజాతి పరిశోధన సంస్థ ఆ పని చేస్తోంది, మనకు తిరుపతి స్థానం ఉంది. తాడేపల్లిగూడెం పక్కన వెంకట్రామన్నగూడెంలో 2007 నుంచి ఉద్యాన విశ్వవిద్యాలయం ఉంది, గోదావరి దాటితే మాకు ఎంతో దూరం కాదు. అక్కడే వలల కింద సాత్గుడి, నిమ్మ తల్లిచెట్లు పెంచి, పరీక్ష చేసి, నెంబరు వేసిన కొమ్మలూ గింజలూ కడియం నర్సరీలకు డబ్బుకే ఇవ్వండి. ఉచితంగా అడగడం లేదు. తీసుకున్న తేదీ, చెట్టు నెంబరు, కట్టిన అంట్లు, అమ్మిన ఊరు, ఈ నాలుగు గడులతో ఒక పుస్తకం ఇస్తే రోజూ సాయంత్రం నేనే రాస్తాను. ఆ పుస్తకం తనిఖీ చేయడానికి ఏడాదిలో ఏ రోజైనా రండి. దానికి బదులుగా, ఇప్పటికే మీ దగ్గరున్న ఆధార్, పాసుపుస్తకం నకళ్లు మళ్లీ అడగడం మానేయండి. కొత్త ఫారం పెట్టేముందు అది ఎందుకో, నింపడానికి ఎంతసేపు పడుతుందో తెలుగులో దాని మీదే అచ్చువేసి, ముందుగా మా నర్సరీ సంఘాలకు పంపండి.