నిండు నీటిలో పక్షుల కొలువు

విహారయాత్ర అనగానే మన కళాశాలలో రెండు పేర్లే వినబడును. ఒకటి కోట, రెండవది ఆనకట్ట. రెండింటిని మేమును చూచితిమి, ఫోటోలు దిగితిమి, పులిహోర తిని తిరిగి వచ్చితిమి. అది తప్పని అనుట లేదు. కాని ఏటినీరు పొంగి చిత్తడినేలలలోనికి ప్రాకు వేళ అచ్చటి పక్షులను చూచుటకు ఏటేట ఒక్క బృందమునైనను పంపవలెనని కమిటీ పెద్దలకు విన్నవించుటకే ఈ నాలుగు మాటలు వ్రాయుచున్నాము.

ఈ కోరిక మాకు కాశ్మీరమున పుట్టినది. ఒక మే మాసపు ఉదయమున శ్రీనగరమునకు సుమారు పది కిలోమీటర్ల దూరమున నున్న హోకర్‌సర్ గట్టున నిలిచియుంటిమి. ఇట్టి చిత్తడినేలను కాశ్మీరీలు నంబల్ అందురు. శీతకాలమున ఇచ్చటికి వచ్చు వేలకొలది బాతులను చూచుటకే జనము పోవుదురు. మేము పోవునప్పటికి అవి ఉత్తరమునకు తరలిపోయినవి. ‘‘ఆలస్యముగ వచ్చితిరే!’’ అని పడవ నడుపు పెద్దాయన నవ్వెను.

ఆలస్యము కాదని గంటలోనే తెలిసినది. ఉర్దూ మిత్రులు బహార్ అని మురిసిపోవు ఋతువు కాశ్మీరమున పూలకు మాత్రమే కాదు, నీటికిని ఋతువే. కొండలపై మంచు కరగి జీలం నది నిండును, నంబలు నిండును, రెల్లు మొలకలు నీటి పైకి తలలెత్తును. బాతులు విడిచిన చోటికి వేరొక జనము దిగును. మీసాల టెర్న్ అను పిట్ట నీటిపై తేలు నాచు మీదనే గూడు కట్టును. నీరు పెరిగినచో గూడును పైకి లేచును. తామరాకులపై నడచు జకానా మరియు విచిత్రము. ఆడపక్షి పెద్దది, గుడ్లు పెట్టి తన దారిని తాను పోవును. పొదుగుట, పిల్లలను సాకుట మగవాని పని. నీరు ఆకులను ముంచుచున్నచో అతడు గుడ్లను వేరొక ఆకుతిన్నె మీదికి జరుపుకొనుట శాస్త్రజ్ఞులు చూచి వ్రాసియున్నారు. (మా బృందములోని విద్యార్థినులు ఈ సంగతి విని మగపిల్లల వంక చూచిన చూపు ఇచ్చట వర్ణింపము.) రెల్లుపిట్టకు ఆ వీలు లేదు. అది నాలుగైదు రెల్లుకాడలను కలిపి గూడు అల్లును. నీరు మెల్లగ పెరిగిన మేలు, ఒక్కమారుగ పెరిగిన గూడు మునుగును.

మా వాదమంతయు ఈ ‘‘మెల్లగ’’ అను మాటలోనే యున్నది. నది పొంగును మెల్లగించునది చిత్తడినేల. పొంగినప్పుడు పుచ్చుకొని, తగ్గినప్పుడు ఇచ్చును. ఆ సంగతి కాశ్మీరపు పాలకులు ఒకప్పుడు ఎరిగియే యుండిరి. 1903 నాటి వరద తరువాత 1904లో త్రవ్వించిన వరద కాలువ శ్రీనగరమును తప్పించుకొని, హోకర్‌సర్ మీదుగా వులర్ సరస్సునకు పోవును. తరువాతి తరములు కాలువను పూడనిచ్చి, నంబళ్ళను పూడ్చి ఇండ్లు కట్టినవి. 2014 సెప్టెంబరులో జీలం శ్రీనగరమును ముంచినప్పుడు అట్టి పేటలు లోతుగ మునిగినవి. పిమ్మట ఆ కాలువను లోతు చేయగా హోకర్‌సర్‌లో నీరు నిలువక ఎండసాగినది. మరల నీటిని ఆపుటకు తలుపులు కట్ట పూనుకొనవలసి వచ్చినది. ముందు నీరెక్కువయని భయము, వెనుక నీరు లేదని చింత.

ఇది దూరదేశపు కథ యని తలపరాదు. కృష్ణా గోదావరుల నడుమ మన కొల్లేరు చేయు పనియు ఇదియే. బుడమేరు, తమ్మిలేరు మోసితెచ్చు నీటిని పట్టి ఉప్పుటేరు ద్వారా సముద్రమునకు వదలును. 1999లో ఐదవ కాంటూరు లోపలి 308 చదరపు కిలోమీటర్లను అభయారణ్యముగ ప్రకటించిరి. 2006లో చేపల చెరువుల గట్లు తెగగొట్టించిరి. అయినను తగవు తీరలేదు. 2024 సెప్టెంబరులో బుడమేరు విజయవాడ పేటలను ముంచినది. కొల్లేటి ప్రాంతపు ఆరేడు గ్రామములో గూడబాతులు గుంపులుగ గూళ్ళు కట్టుటను నీలకంఠన్ 1949లో బొంబాయి ప్రకృతి చరిత్ర సంఘపు పత్రికలో వర్ణించెను. ఆ కొలువు తరువాత అంతరించినది. నేడు ఆటపాకలో గూడబాతులు కనబడుచున్నవి, సంతోషమే.

‘‘మనుష్యులు మునుగుచుండగా పిట్టల ముచ్చట యెందుకు?’’ అని మిత్రుడొకడు మమ్ము నిలదీసెను. ప్రశ్న చులకన చేయదగినది కాదు. గట్టు తెగినప్పుడు పెద్ద ఆసామి కన్న రెండెకరముల వాడే ఎక్కువ నష్టపోవును. అతనికి జీవనోపాధి చూపకుండ సరస్సును కాపాడుమనుట న్యాయము కాదని మేమును ఒప్పుకొందుము. కాని పిట్ట గూడు ఏ యేడు ఏ యెత్తున నిలిచినదో, ఏ యేడు మునిగినదో వ్రాసి పెట్టుకొనువాడు నీటి లెక్కనే వ్రాయుచున్నాడు. ఆ లెక్క మన యొద్ద లేదు.

అట్టి లెక్క వ్రాయుటకు మనకు పెద్దల బాట కలదు. 1931లో హైదరాబాదు సంస్థానపు పక్షుల పరిశీలనకు పూనుకొని ఊరూర తిరిగి వ్రాసినవారు సలీం అలీ. అట్టివారు నడచిన నేలపై చదువుచున్న మనము గూడబాతును, ఎర్రకాళ్ళ కొంగను ‘‘సైబీరియా పక్షులు’’ అని పత్రికలు వ్రాయగా నమ్ముచున్నాము. ఆ రెండును ఈ గడ్డ మీద పుట్టి పెరిగినవే; సైబీరియా నుండి రావు.

మన నదులకు వసంతమున పొంగు లేదు; ఆగస్టు మొదలు అక్టోబరు వరకు మన నిండు నీటి కాలము. కావున మా విన్నపము చిన్నది. విహారయాత్ర పద్దులోనుండి ఒక బస్సు ఖర్చును అక్టోబరునకు మార్చవలెను. ఒక రిజిస్టరు తెరవవలెను: తేది, స్థలము, నీటిమట్టము, పక్షి పేరు, సంఖ్య. పేరు తెలుగునను ఉర్దూలోను వ్రాయవలెను. మనము గూడబాతు అనుదానిని పక్క బెంచీవారు హవాసిల్ అందురని మాకు నిన్న మొన్నటి వరకు తెలియదు. మొదటి యేటికి దుర్భిణి ఒకటి చాలును. ఎన్.సి.సి. గదిలో ఒకటి బూజుపట్టి యున్నది. తాళపుచెవి ఎవరియొద్ద నున్నదో మాత్రము ఇంకను తెలియరాలేదు.