డోరు తీసే ముందు ఒక్క క్షణం: కార్లవారికి, కారెక్కేవారికి విజ్ఞప్తి

అపార్ట్‌మెంట్ సెల్లారులో ఒక కారుకు ఇచ్చే చోటు వెడల్పు సాధారణంగా రెండున్నర మీటర్లు. మారుతి 800 రోజుల్లో అది ధారాళంగా సరిపోయేది. ఆ కారు వెడల్పు 1.44 మీటర్లే కాబట్టి, గీతల మధ్యలో సరిగ్గా పెట్టిన రెండు కార్ల నడుమ మీటరుకు పైగా జాగా మిగిలేది. ఇప్పుడు అవే గీతల మధ్య ఒకవైపు 1.79 మీటర్ల క్రెటా, దాని పక్కన 1.89 మీటర్ల ఎక్స్‌యూవీ 700 నిలబడుతున్నాయి. రెండింటి నడుమ మిగిలేది 66 సెంటీమీటర్లు, అంటే రెండడుగుల రెండంగుళాలు. వాటిలో ఒకటి జానెడు పక్కకు జరిగి ఆగిందంటే అడుగున్నర కూడా ఉండదు. ఆ సందులోనే డోరు తెరుచుకోవాలి, మనిషి దిగాలి, చేతిలో సంచీ కూడా బయటికి రావాలి. పక్క కారుకు సొట్ట పడేది ఆ సందులోనే.

కారు బయటి రేకు మందం ఇంచుమించు 0.7 మిల్లీమీటర్లు. ప్రమాదంలో ప్రయాణికులను కాపాడే ఉక్కు కడ్డీ డోరు లోపల ఉంటుంది గానీ, అది బయటి రేకుకు వెనకాల కొంత ఎడంగా ఉంటుంది. పక్క నుంచి వచ్చే బండిని అది ఆపగలదేమో గానీ, పక్క కారు డోరు అంచును ఆపలేదు. డోరు అంచు అంటే రేకును మడిచి నొక్కిన సన్నని బద్ద. తగిలే దెబ్బ చిన్నదే అయినా, బలమంతా ఆ బద్ద ఆనిన రవ్వంత చోటనే పడుతుంది. రేకు కొద్దిగా వంగితే తిరిగి యథాస్థితికి వస్తుంది. ఒక హద్దు దాటి వంగితే అలాగే ఉండిపోతుంది. డోరు పొడవునా సాగే మడత గీత మీద పడిన సొట్ట మరీ మొండిది. ఆ మడత దగ్గర రేకు బిగుసుకుని ఉంటుంది కాబట్టి దాన్ని మళ్లీ తిన్నగా తేవడం నేర్పరికి కూడా కష్టమే.

రంగు చెక్కుచెదరకపోతే సొట్టను వెనకనుంచి సన్నని ఇనుప ఊచలతో నెమ్మదిగా నెట్టి తీయవచ్చు. నగరాల్లో ఈ పని చేసేవాళ్లు ఉన్నారు. రంగు పగిలిందంటే మాత్రం వ్యవహారం డెంటింగ్, పెయింటింగ్ దాకా వెళ్తుంది. రేకు సరిచేసి, పుట్టీ పెట్టి, గీకి, ప్రైమరు వేసి, రంగు కొట్టి, పైన క్లియర్ కోటు వేయాలి. ఫ్యాక్టరీలో ఒట్టి బాడీకి రంగువేసి దాదాపు 140 డిగ్రీల వేడిలో ఆరబెడతారు. వైర్లు, రబ్బరు, ప్లాస్టిక్కు అన్నీ బిగించిన కారును షెడ్డులో అంత వేడి చేయడం కుదరదు, అరవై డిగ్రీల దగ్గర ఆగాలి. పెర్ల్ తెలుపు, మెటాలిక్ వెండి రంగుల్లో పాత రంగుకూ కొత్త రంగుకూ తేడా ఎండలో తెలిసిపోతుంది. పైగా కారు అమ్మే రోజున కొనేవాళ్లు రంగు మందం కొలిచే చిన్న మీటరు పట్టుకొస్తున్నారు. ఫ్యాక్టరీ రంగు సాధారణంగా 100 నుంచి 150 మైక్రాన్లుంటుంది. మళ్లీ వేసిన చోట అంకె పెరుగుతుంది, పుట్టీ ఉన్నచోట ఇంకా ఎక్కువ చూపిస్తుంది. ఆ ఒక్క డోరు చూపించి, కారుకు పెద్ద దెబ్బే తగిలిందేమోనని బేరం తగ్గిస్తారు. విశాఖపట్నం, కాకినాడ లాంటి తీరప్రాంతాల్లో పగిలిన రంగును అలాగే వదిలేస్తే ఉప్పుగాలికి తుప్పు త్వరగా పట్టుకుంటుంది.

ఇన్సూరెన్స్ ఉంది కదా అన్న మాట తరచు వినిపిస్తుంది. ఆ లెక్క చూస్తే సొట్ట బాధ ఎవరి మీద పడుతుందో తెలుస్తుంది. క్లెయిము లేకుండా గడిచిన ఏడాదికి సొంత నష్టం ప్రీమియంలో 20 శాతం తగ్గింపు వస్తుంది. అది వరసగా 25, 35, 45 శాతాలకు పెరిగి, అయిదేళ్లకు 50 శాతానికి చేరుతుంది. ఒక్క క్లెయిముతో అదంతా సున్నా అవుతుంది. దాని పైన ప్రతి క్లెయిములోనూ 1500 సీసీ లోపు కారుకు వెయ్యి రూపాయలు, అంతకు మించితే రెండు వేలు యజమాని పెట్టుకోవాలి. మామూలు పాలసీలో పెయింటు సరుకు ఖర్చులో సగం తరుగు కింద కోత పడుతుంది. ఇదంతా ఆలోచించి చాలామంది క్లెయిము జోలికే వెళ్లరు, చేతి డబ్బే పెట్టుకుంటారు. సొట్ట పెట్టినవారి థర్డ్ పార్టీ పాలసీ నుంచి రాబట్టుకోవడమంటే పోలీసు కేసు, ట్రిబ్యునల్. అరచేతంత సొట్టకు ఎవరూ అంత దూరం పోరు. కాబట్టి ఒకరి తొందరపాటు ఖర్చు నేరుగా పొరుగింటివారి జేబులోంచి పోతుంది. ఆ పొరుగువారు అయిదేళ్లో ఏడేళ్లో వాయిదాలు కడుతూ, కొన్న రోజునే కొండగట్టుకు తీసుకెళ్లి పూజ చేయించి, నిమ్మకాయలు తొక్కించి తెచ్చుకున్న కారు అది.

సొట్ట పెట్టేవారిలో కావాలని చేసేవారు అరుదు. ఎక్కువగా జరిగేది వెనక డోరు దగ్గర. బండి ఆగీ ఆగకముందే పిల్లవాడు హ్యాండిలు లాగి, పాదంతో డోరును తంతాడు. డోరు మధ్యలో ఒకటి రెండు చోట్ల ఆగేలా లోపల ఏర్పాటు ఉంటుంది గానీ, తన్నిన ఊపుకు అది ఆగదు. చప్పుడయ్యేసరికే పక్క కారు రేకు లోపలికి పోయి ఉంటుంది. వెనక డోర్లకు ఉండే చైల్డ్ లాక్ వేస్తే డోరు బయటినుంచే తెరుచుకుంటుంది. పెద్దవాళ్లెవరైనా దిగి, డోరు అంచును అరచేత్తో పట్టుకుని తెరవాలి. అంచుకూ పక్క కారుకూ మధ్య ఆ చేతి వేళ్లు ఉన్నంతసేపు రేకుకు రేకు తగిలే వీలే లేదు. ఇంతకన్నా చవకైన రక్షణ మరొకటి లేదు.

పెద్ద వయసువారి సంగతి వేరు. మోకాళ్ల నొప్పులున్నవారు డోరు మీద బరువు వేసి లేస్తారు, ఆ బరువుకు డోరు పూర్తిగా తెరుచుకుంటుంది. వారిని సందులోకి పోకముందే, లిఫ్టు దగ్గరో గేటు దగ్గరో దించాలి. డ్రైవరు ఒక్కరే బండిని లోపల పెట్టుకోవాలి. ర్యాంపు మీద, ఏటవాలు రోడ్డు మీద డోరు తన బరువుకే విసురుగా తెరుచుకుంటుంది. గాలివానలో కూడా అంతే. నెదర్లాండ్స్‌లో డోరుకు దూరంగా ఉన్న చేత్తో హ్యాండిలు తీయడం అలవాటు చేస్తారు. మన దగ్గర కుడివైపు కూర్చునే డ్రైవరు ఎడమచేత్తో తీయాలన్నమాట. అలా చేస్తే ఒళ్లు తిరిగి చూపు వెనక్కి, పక్కకు పోతుంది, డోరు కూడా నెమ్మదిగా తెరుచుకుంటుంది. ఆ పద్ధతి సైకిళ్లవారి ప్రాణం కోసం పుట్టింది. హైదరాబాద్ రోడ్డు పక్కన బండి ఆపి దిగేవారికి అది మరీ అవసరం. సెల్లారులో పక్క కారును కూడా కాపాడుతుంది.

బండి పెట్టే తీరులో పొరుగువారు ఒక మాట అనుకుంటే సందు తేలిగ్గా పెరుగుతుంది. లోపలికి వచ్చేటప్పుడు ఎడమ చోటు ఉన్నవారు ముందుకు, దాని కుడిపక్క చోటువారు రివర్సులో పెడితే ఇద్దరి డ్రైవరు డోర్లు ఒకే సందులోకి వస్తాయి. ఇద్దరూ తమ తమ ఎడమకు ఆరంగుళాలు జరిగితే ఆ సందు అడుగు పెరుగుతుంది, 66 సెంటీమీటర్లు 96 అవుతుంది. ఎడమవైపు ప్రయాణికులు ముందే దిగిపోయారు కాబట్టి అటు సందు తగ్గినా ఇబ్బంది లేదు. అద్దాలు మడిచిపెట్టాలి. పొరపాటున వంకరగా ఆగితే రెండోసారి వెనక్కి తీసి సరిచేసుకోవడానికి బద్ధకించకూడదు. తన కారుకు ఏమీ కాకూడదని రెండు చోట్లకు అడ్డంగా పెట్టడం మాత్రం రక్షణ కాదు, అన్యాయం. మాల్‌లోనైనా, ఫంక్షన్ హాలులోనైనా కారు మీద అంత ప్రేమ ఉన్నవారు లిఫ్టుకు దూరంగా, చివరన, ఒకవైపు గోడ ఉన్న చోటు వెతుక్కుని నాలుగు అడుగులు నడవడం మంచిది.

రంగు మీద పడే గీతల సంగతికొస్తే ఎక్కువ వాటా టూవీలర్లది. రెండు కార్ల మధ్య స్కూటీని తోసి పెడితే బ్రేకు లివరు కొన డోరు పొడవునా గీసుకుపోతుంది. ఇంకా భుజానికి తగిలించిన స్కూలు బ్యాగు జిప్పు, నీళ్ల టిన్ను, గ్యాసు బండ, ఆనుకుని ఫోను మాట్లాడేవారి జీన్స్ ప్యాంటు రివెట్లు ఉండనే ఉన్నాయి. పొద్దున్నే కార్లు తుడిచే అబ్బాయికి దుమ్మును పొడిగుడ్డతో రుద్దవద్దని, ముందు నీళ్లు కొట్టమని, ఒకే గుడ్డతో పది కార్లు తుడవవద్దని యజమానులే మర్యాదగా చెప్పాలి. దుమ్ము పట్టిన కారు మీద కవరు లాగినా అదే గీకుడు.

కొనే సామాన్లలో డోరు అంచుకు తొడిగే రబ్బరు గార్డు ముఖ్యమైనది. అది సొంత కారు రంగునూ పక్క కారు రేకునూ రెంటినీ కాపాడుతుంది. సైడ్ బీడింగు కూడా పనికొస్తుంది, అయితే పక్క కారు డోరు అంచు దానికి తగిలే ఎత్తులోనే ఉండాలి. పెయింట్ ప్రొటెక్షన్ ఫిల్ము గీతలను ఆపుతుంది, సొట్టను ఆపలేదు. సిరామిక్ కోటింగు మెరుపునిస్తుంది, డోరు దెబ్బకు దానివల్ల ఒరిగేదేమీ లేదు.

అసోసియేషన్లు చేయగలిగింది కూడా ఉంది. చెరిగిన పార్కింగు గీతలను మళ్లీ వేయించడం, స్తంభాలకు ఫోము పట్టీలు కట్టించడం, చీకటి మూలల్లో లైట్లు, కెమెరాలు పెట్టించడం, టూవీలర్లకు వేరే వరస ఇవ్వడం పెద్ద ఖర్చు కాదు. స్టిల్టు పార్కింగును బిల్డరు విడిగా అమ్ముకోలేడని, అది అందరి ఉమ్మడి చోటని సుప్రీంకోర్టు 2010లో తీర్పు చెప్పింది. ఉమ్మడి చోటుకు ఉమ్మడి నియమాలు రాసుకోవడం సబబే.

ఇన్ని జాగ్రత్తలున్నా ఎప్పుడో ఒకప్పుడు డోరు తగలనే తగులుతుంది. అప్పుడు చుట్టూ చూసి, ఎవరూ లేరని వెళ్లిపోవడమే అసలు తప్పు. ప్రమాదంలో ఇతరుల ఆస్తికి నష్టం జరిగినా తెలియజేసే బాధ్యత డ్రైవరుకు ఉందని 1988 మోటారు వాహనాల చట్టం 134వ సెక్షను చెబుతోంది. సెల్లారులో అంత దాకా పోనక్కర్లేదు. యజమాని తెలిసినవారైతే వెళ్లి తలుపు తట్టి చెప్పాలి. తెలియనివారైతే పేరు, ఫోను నంబరు రాసిన చీటీ వైపరు కింద పెట్టి, వాచ్‌మన్‌కు కూడా ఒక మాట చెప్పాలి. బాగు చేయించే ఖర్చు తానే ఇస్తానని ముందుగా అనాలి. అవతలివారు కూడా చెప్పడానికి వచ్చినవారి మీద అరవకుండా, ఫోటో తీసుకుని, షెడ్డులో అడిగి, అయిన ఖర్చే అడగాలి. ఒకసారి చెప్పి తిట్లు తిన్నవారు రెండోసారి చెప్పరు. కార్లున్న ప్రతి ఇంటివారికీ విజ్ఞప్తి: ఈ సాయంత్రమే పిల్లలకు డోరు అంచు పట్టుకుని తెరవడం చూపించండి, వెనక డోర్లకు చైల్డ్ లాక్ వేయండి, డ్యాష్‌బోర్డులో ఒక పెన్ను, నాలుగు చీటీలు ఉంచండి.